ఆడే పిల్లల చిరుతిండికి ఇంటికో వంతు

సాయంత్రం బడి వదిలాక హైస్కూలు మైదానంలో కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లల్ని ఎప్పుడైనా నిలబడి చూశారా? మధ్యాహ్నం బడిలో తిన్న అన్నం అప్పటికే అరిగిపోయి ఉంటుంది. ఇంటికి చేరి రాత్రి సంగటి ముద్ద తినేసరికి ఏడో ఎనిమిదో అవుతుంది. మధ్యలో గంటన్నర ఆట. దానికి కావలసిన బలం ఎక్కడి నుంచి రావాలి? ఒక్క ఇంటివాళ్ళు రోజూ పెట్టాలంటే భారమే. జట్టులోని పిల్లల ఇళ్ళన్నీ వంతులు వేసుకుంటే మాత్రం భారం కాదు. పైగా పెట్టేవి చాలావరకు మన చేలో పండేవే. అదెలాగో చూద్దాం.

ఖాళీ కడుపుతో ఆట

అనంతపురం ప్రాంతానికి ఆటలు కొత్త కాదు. ఆర్డీటీ క్రీడా మైదానాలు ఇక్కడే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగిందీ ఇక్కడే. పల్లెల్లోని ప్రభుత్వ బడుల పిల్లలు కూడా స్కూల్ గేమ్స్ పోటీలకు తయారవుతుంటారు. అండర్-14, అండర్-17 జట్లలో చోటు కోసం బడి అయిపోయాక రోజూ సాధన చేస్తారు.

అయితే ఈ వయసు పిల్లలకు ఎదుగుదల ఒక పక్క, ఆట ఇంకో పక్క. రెండింటికీ తిండి కావాలి. కడుపులో ఏమీ లేకుండా ఆడితే త్వరగా అలసిపోతారు, కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు పట్టేస్తాయి. అలసిన పిల్లవాడు ఆటలో తొందరపడి దెబ్బలు కూడా తగిలించుకుంటాడు.

దీంట్లో ఇంకో సంగతి ఉంది. చేతిలో పది రూపాయలున్న పిల్లవాడు అంగడికి పోయి రంగు ప్యాకెట్ కొనుక్కుంటాడు. లేనివాడు పక్కకు తిరిగి బోరింగు దగ్గర నీళ్ళు తాగుతాడు. నాలుగు రోజులు చూసి ఐదో రోజు ఆటకు రావడమే మానేస్తాడు. ఎందుకు మానేశావురా అని అడిగితే "పని ఉంది సార్" అంటాడు తప్ప అసలు మాట చెప్పడు. ఇలా ఆట మానేసేది ఎక్కువగా చిన్నకారు, సన్నకారు రైతుల పిల్లలు, కూలి చేసుకునే ఇళ్ళ పిల్లలే. జట్టుకు ఒక మంచి ఆటగాడు పోతాడు, పిల్లవాడికి ఒక దారి మూసుకుపోతుంది.

నీళ్ళ వంతు లాగానే

వంతులంటే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చెరువు కింద నీరుగంటి ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో వంతు ప్రకారమే వదిలేవాడు. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి బోరుకు ఇప్పటికీ రోజుల లెక్కన వంతులున్నాయి. కలుపుకో కోతకో ఒకరి చేలోకి ఒకరు బదులు పోవడం ఉంది. పిల్లల చిరుతిండి కూడా అలాంటిదే.

'ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది' అనే సామెత మీకు తెలుసు. "అందరం కలిసి పెడదాం" అని ఊరికే అనుకుంటే వారం రోజులకే ఆగిపోతుంది. ఎవరికి వారు ఇంకొకరు తెస్తారులే అనుకుంటారు. అందుకే ఏ రోజు ఏ ఇల్లు అన్నది పేరు రాసి పెట్టుకోవాలి.

ఈ పద్ధతి వేరే దేశాల్లోనూ ఉంది. అమెరికాలో పిల్లలు ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఆడే జట్లకు తల్లిదండ్రులు వంతులవారీగా చిరుతిండి తెస్తారు. ఇంగ్లండులో సగం ఆట కాగానే పిల్లలకు నారింజ ముక్కలు పంచడం పాత అలవాటు. చీనీ తోటలున్న మన జిల్లాలో ఆ మాత్రం చేయలేమా? అయితే అక్కడ కూడా కొన్నిచోట్ల గొప్పలకు పోయి, తీపి ప్యాకెట్లు, సీసా డ్రింకులు తేవడం మొదలై ఇబ్బంది పడ్డారు. ఆ గొప్పలు మనకు మొదటి నుంచే వద్దు.

లెక్క ఇదీ

కబడ్డీ జట్టునే తీసుకుందాం. బరిలో ఆడేవాళ్ళు ఏడుగురు, బదులు ఆటగాళ్ళు ఐదుగురు. మొత్తం 12 మంది. ఇంటికొకరు అనుకుంటే 12 ఇళ్ళు. ఆదివారం పోను నెలకు 26 రోజులు సాధన. అంటే ఒక్కో ఇంటికి నెలకు రెండుసార్లే వంతు వస్తుంది.

ఒక వంతుకు ఎంత కావాలి? ఒక్కో పిల్లవాడికి 40 గ్రాముల వేరుశనగ పప్పుండ పెట్టారనుకోండి. అందులో పప్పు 25 గ్రాములు, బెల్లం 15 గ్రాములు. 12 మందికి పప్పు 300 గ్రాములు, బెల్లం 180 గ్రాములు సరిపోతాయి. వంద కిలోల కాయ వలిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుందని మీకు తెలిసిందే. ఆ లెక్కన 300 గ్రాముల పప్పుకు 430 గ్రాముల కాయ కావాలి. తాలు, పుచ్చు ఏరివేత పోను అర కిలో అనుకుందాం.

ఒక్కో పిల్లవాడికి అందేది తక్కువేమీ కాదు. ఆ ఒక్క ఉండలో సుమారు 200 కేలరీల శక్తి, 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక కోడిగుడ్డులో ఉండే మాంసకృత్తులు కూడా దాదాపు అంతే.

జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలు సాధన జరిగితే ఇంటికి 16, 17 వంతులు వస్తాయి. అందులో సగం పప్పుండలు, సగం గుగ్గిళ్ళు అనుకోండి. ఏడాదికి ఒక్కో ఇల్లు తీసి పెట్టుకోవలసింది నాలుగున్నర కిలోల శెనక్కాయలు, కిలోన్నర పైచిలుకు బెల్లం, మూడు మూడున్నర కిలోల అలసందలు లేదా ఉలవలు. 40 కిలోల బస్తాలో నాలుగున్నర కిలోలంటే పదో వంతు కంటే కాస్త ఎక్కువ. అదే పిల్లవాడికి రోజూ పది రూపాయలు చేతిలో పెడితే నెలకు 260 రూపాయలు అవుతుంది. ఏది చవకో మీరే ఆలోచించండి.

మన చేలో పండేవే

వేరుశనగ పప్పుండ: పప్పు దోరగా వేయించి, పొట్టు చెరిగి, రోట్లో బరకగా దంచాలి. తరిగిన బెల్లం వేసి మళ్ళీ దంచితే పప్పులోని నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది. పాకం పట్టే పని లేదు. పొడి డబ్బాలో పెడితే నాలుగైదు రోజులు నిలవ ఉంటాయి కాబట్టి వంతు ముందు రోజు రాత్రే చేసి పెట్టుకోవచ్చు. నువ్వులు పండించేవాళ్ళు నువ్వులుండలు చేయవచ్చు.

గుగ్గిళ్ళు: అలసందలు, ఉలవలు, శనగలు ఏవైనా సరే. 12 మందికి 400 గ్రాముల గింజలు రాత్రి నానబెట్టాలి. ఉడికించి ఉప్పు వేసి, ఆవాలు, ఎండుమిర్చి తిరగమోత పెట్టి, దించాక నిమ్మకాయ పిండాలి. గుగ్గిళ్ళు త్వరగా పాచిపోతాయి. కాబట్టి పొద్దున చేసి సాయంత్రం దాకా ఉంచకుండా, మధ్యాహ్నం మూడు దాటాక ఉడికించుకోవడం మంచిది.

రాగి అంబలి: పావు కిలో రాగిపిండి కాచి, చల్లార్చి, మజ్జిగ, ఉప్పు కలిపితే 12 మందికి తలా ఒక గ్లాసు వస్తుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎదిగే ఎముకలకు ఇది బలం. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020లో మధ్యాహ్న భోజనానికి వేరుశనగ చిక్కీని, 2023 మార్చిలో రాగిజావను చేర్చింది కూడా ఈ గుణం చూసే. ప్రభుత్వం కొని పెట్టిన ఆ గింజలు పండేది మన చేలలోనే అని మరిచిపోవద్దు.

కాలాన్నిబట్టి: అక్టోబరు, నవంబరుల్లో కాయ పీకేటప్పుడు పచ్చి శెనక్కాయలు ఉప్పు వేసి ఉడకబెట్టి తేవచ్చు. ఆ రోజుల్లోనే సీతాఫలాలు వస్తాయి. చలికాలంలో జామకాయలు. అరటి తోట ఉన్నవాళ్ళు తలా ఒక పండు. చీనీ తోట ఉన్నవాళ్ళు మార్కెట్లో సైజు తక్కువని పక్కన పడేసే మంచి కాయలు తెచ్చి కోసి పంచవచ్చు. పెరట్లో నాటుకోళ్ళున్న ఇళ్ళు ఉడికించిన గుడ్లు తేవచ్చు. నేల మీద రాలి, చితికి, కుళ్ళు పట్టిన కాయలు మాత్రం తేవద్దు.

తాలు పిల్లలకు, మేలు మార్కెట్టుకా?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కాయ ఇంటికి చేరాక మనం చేసే పని ఏమిటి? నిండు కాయ బస్తాలకెత్తి మార్కెట్టుకు పంపుతాం. నలుపెక్కినవి, ముడతపడ్డవి, పుచ్చినవి "ఇంట్లోకి వస్తాయిలే" అని పక్కన పోస్తాం. అప్పుల వాళ్ళు గుమ్మం ముందుంటే రైతు అలా చేయడంలో తప్పు పట్టలేం. కానీ ఆ తాలు పప్పే పిల్లల కడుపులోకి పోతే ప్రమాదం.

వేరుశనగకు పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. పంట చివరి దశలో బెట్ట తగిలినా, పీకిన కాయ వానకు తడిసినా, సరిగ్గా ఆరకుండా బస్తాలకెత్తినా ఈ బూజు పెరుగుతుంది. ముడతపడ్డ, రంగు మారిన, పగిలిన గింజల్లోనే ఇది ఎక్కువగా ఉంటుంది. కాలేయాన్ని దెబ్బతీసే విషం ఇది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. చేదు తగిలిన గింజను ఉమ్మేయమని పిల్లలకు చెప్పండి.

కాబట్టి పిల్లల కోసం తీసిపెట్టే నాలుగున్నర కిలోలు నిండు కాయ నుంచే తీయండి. తేమ 8, 9 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి. పప్పుగా వలిచి పెట్టుకోవద్దు. కాయగానే ఉంచి, వంతుకు ముందు రోజు వలుచుకోండి. సంచిని నేల మీద కాకుండా చెక్క మీదో రాళ్ళ మీదో గోడకు ఆనకుండా పెట్టండి. వలిచాక ఒక్కో గింజా చూసి ఏరండి. అర కిలో కాయ ఏరడానికి పట్టేది పది నిమిషాలే.

ఇంకొకటి. విత్తనశుద్ధి చేసి, విత్తగా మిగిలిన పప్పు ఉంటుంది. మందు పట్టించిన ఆ పప్పును ఎంత కడిగినా తినడానికి వాడకూడదు. ఇంట్లో మామూలు పప్పుతో కలవకుండా చూసుకోవాలి. పిల్లలకు అందని చోట పెట్టాలి.

డబ్బాల దగ్గర జాగ్రత్త

2013 జూలైలో బీహార్‌లోని సారన్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షల్లో తేలింది. పత్తికి, కందికి మనం కొట్టిన మందే అది. దీన్ని చదివి అయ్యో అని ఊరుకోవద్దు, మన ఇంట్లో ఒకసారి చూసుకోవాలి. ఖాళీ అయిన మందు డబ్బాల్లో నూనె, మజ్జిగ, నీళ్ళు పోసి వాడే అలవాటు పల్లెల్లో ఇంకా అక్కడక్కడా ఉంది. పిల్లల తిండి అలాంటి డబ్బాలో ఎట్టి పరిస్థితుల్లోనూ తేవద్దు. ఎరువుల సంచిలో శెనక్కాయలు, బొరుగులు పోసి తేవద్దు. స్టీలు డబ్బా, మూత ఉన్న గిన్నె ఉత్తమం. మందు కొట్టి వచ్చినరోజు స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా పిల్లల తిండి ముట్టుకోవద్దు. తోటలో మందు కొట్టాక ఆగవలసిన గడువు పూర్తికాని కాయలు పంచవద్దు.

పంచే ముందు తెచ్చిన వాళ్ళు పిల్లల ఎదుట ఒకటి తిని చూడాలి. ఇది నమ్మకం లేక కాదు. పదిమంది పిల్లలకు పెట్టేచోట పాటించవలసిన పద్ధతి.

కూలికెళ్ళే ఇంటి వంతు

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. జట్టులో ఐదెకరాల రైతు కొడుకు ఉంటాడు, సెంటు భూమి లేని కూలి కొడుకూ ఉంటాడు. అందరికీ సమానంగా వంతు వేస్తే లేనివాళ్ళకు కష్టం. వాళ్ళను వదిలేస్తే ఆ పిల్లవాడు రోజూ ఇతరుల తిండి తింటున్నానని చిన్నబోతాడు. ఇంట్లో వాళ్ళు కూడా "మనకెందుకురా ఆ ఆట" అంటారు. ఎవరినీ తప్పించకండి, ఎవరినీ కష్టపెట్టకండి. దానికి మార్గాలున్నాయి.

వస్తువు ఇవ్వలేని ఇల్లు పని ఇస్తుంది. కాయ ఒకరిది, బెల్లం ఒకరిది, దంచి ఉండలు కట్టేది ఇంకొకరు. మైదానానికి నీళ్ళ బిందె మోయడం, డబ్బాలు కడిగి పంపడం కూడా వంతే. రెండు ఇళ్ళను జతకట్టి ఒక వంతుగా రాసుకుంటే ఎవరు ఏమిచ్చారన్నది మైదానంలో పిల్లలకు తెలియాల్సిన అవసరమే లేదు. బయటికి వినపడేది ఒక్కటే మాట: "రేపు వంతు మీ రెండిళ్ళది వదినా, గుర్తుందా?"

కరువు ఏడు, కాయ రాని ఏడు కూడా ఉంటాయి. ఆ ఏడు పప్పుండ మానేసి ఉలవ గుగ్గిళ్ళతో, అంబలితో సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో చావో, జబ్బో, వలసో ఉంటే పక్క ఇంటితో వంతు మార్చుకోవచ్చు. నీళ్ళ వంతుల్లో మార్చుకోవడం లేదా? అలాగే ఇదీ.

పైస్థాయి వాళ్ళకు ఒక మాట. మీరు జీడిపప్పు లడ్డూలు తెస్తే మర్నాడు బొరుగులు తెచ్చే ఇంటికి తలవంపు. కాబట్టి నాలుగైదు రకాలే రాసుకుని, వాటిలోనే ఏదైనా తేవాలని అందరూ ఒప్పుకోండి. బేకరీ సరుకు, ప్యాకెట్లు, రంగునీళ్ళు ఎవరూ తేకూడదు. ఉన్నవాళ్ళకు ఇంకా పెట్టాలనిపిస్తే ఒక కబడ్డీ జట్టుకు మోకాలి పట్టీలు కొనిపెట్టండి.

వంతంటే ఆడవాళ్ళ పనే అనుకోవద్దు. పొద్దంతా కలుపు తీసి వచ్చిన మనిషి మీద ఇంకో పని వేయడం న్యాయం కాదు. కాయ వలవడం, ఏరడం, డబ్బా బండి మీద పెట్టుకుని మైదానంలో ఇచ్చిరావడం మగవాళ్ళు చేయవచ్చు. పిల్లవాడి ఆట చూసినట్టూ ఉంటుంది.

ఆడపిల్లల జట్టును మరవొద్దు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఆడపిల్ల కాసేపు పరుగెత్తగానే ఆయాసపడితే "దానికి చేతకాదు" అనేస్తాం. చాలాసార్లు అది చేతకాకపోవడం కాదు, రక్తం తక్కువ. ఉలవలు, అలసందలు, రాగుల్లో ఇనుము ఉంటుంది. వాటితో పాటు నిమ్మ, జామ, ఉసిరి, చీనీ లాంటి పులుపు పండ్లు తింటే ఆ ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిండితో పాటు టీ తాగితే అంతగా పట్టదు. అందుకే ఆట పిల్లలకు టీ వద్దు. బడిలో ఇచ్చే ఇనుము మాత్రలు మానకుండా వేసుకోమని చెప్పండి. మగపిల్లల జట్టుకు వంతు వేసి ఆడపిల్లల జట్టును వదిలేస్తే చేసిన పని సగమే.

ఎప్పుడు పెట్టాలి?

కడుపు నిండా తిని కబడ్డీకి దిగితే పిల్లలకు కడుపులో పట్టేస్తుంది. అందుకని ఆటకు అరగంట ముందు కొద్దిగా, అంటే ఒక అరటిపండు, లేదా సగం ఉండ చాలు. మిగతాది ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని తినాలి. మధ్యమధ్య పావుగంటకోసారి నాలుగు గుక్కల నీళ్ళు తాగాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. ఎండ ఎక్కువగా ఉన్నరోజు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ లేదా ఉప్పు, బెల్లం కలిపిన నిమ్మనీళ్ళు ఇవ్వండి. కొందరు పిల్లలకు వేరుశనగ పడదు. తింటే దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తాయి. అలాంటి వాళ్ళెవరో ముందే అడిగి తెలుసుకోవాలి.

మొదలుపెట్టేదెలా?

ముందుగా డ్రిల్లు సారును, హెడ్‌మాస్టరును కలిసి అనుమతి తీసుకోండి. బడి తల్లిదండ్రుల కమిటీలో చెప్పండి. ఒక సాయంత్రం జట్టు పిల్లల తల్లిదండ్రులంతా మైదానంలోనే కూర్చుని, ఒక నోటు పుస్తకంలో నెల రోజుల వంతులు రాయండి. పుస్తకం జట్టు కెప్టెన్ దగ్గర ఉంచితే, రేపటి వంతు ఎవరిదో ఆ పిల్లే, ఆ పిల్లవాడే ఇంటికెళ్ళి గుర్తుచేస్తారు. డబ్బు వసూళ్ళు పెట్టుకోవద్దు. డబ్బు వచ్చిందంటే లెక్కలు, లెక్కలతో పాటు తగాదాలూ వస్తాయి. వస్తువు, పని, అంతే. మొదట ఒక నెల నడిపి చూసి, ఇబ్బందులుంటే సర్దుకోండి.

గుర్తుంచుకోండి

* వంతు ఇంటి లెక్కన, భూమి లెక్కన కాదు.
* ఒక వంతుకు అర కిలో కాయ లేదా 400 గ్రాముల గుగ్గిళ్ళ గింజలు చాలు.
* నిండు కాయే పిల్లలకు. రంగు మారిన గింజ ఒక్కటి కూడా కలవకూడదు.
* విత్తనశుద్ధి చేసిన పప్పు, మందు డబ్బా, ఎరువుల సంచి దగ్గరికి రానివ్వద్దు.
* గుగ్గిళ్ళు, అంబలి ఏ రోజువి ఆ రోజే.
* తెచ్చినవాళ్ళు ముందు తిని చూడాలి.
* లేని ఇంటిని తప్పించవద్దు. పనిలో వంతు ఇవ్వండి.

పంట చేతికొచ్చినప్పుడు విత్తనానికి ఇంత, అప్పుకు ఇంత, ఇంట్లోకి ఇంత అని ఎలాగూ లెక్క వేసుకుంటారు. ఆ లెక్కలో ఆడే పిల్లల వంతు కింద ఒక చిన్న సంచి కూడా కలపండి. కళ్ళం మీద నుంచి కాయ బస్తాలకెత్తే రోజే, తూకానికి పోకముందే ఆ సంచి కట్టి పక్కన పెట్టాలి. తర్వాత తీద్దామనుకుంటే మిగిలేది తాలే.